వంటింట్లో రెండో మనిషికి చోటేదీ?

ఇల్లు మారేటప్పుడు తెలుస్తుందండీ ఆడదాని ఆస్తి ఎంతో. నా ఆస్తి పదకొండు గోనె సంచులు, ఆరు అట్టపెట్టెలు, ఒక రోలు. నగల సంగతి అడక్కండి. అవి చేతిసంచీలో పట్టాయి, ఇంకా చోటు మిగిలింది.

మంగళగిరిలో గాలిగోపురం కనిపించే వీధిలో ఇరవయ్యేడేళ్ళు కాపురమున్న పెంకుటిల్లు ఖాళీ చేసి, హైవే వైపు లేచిన ఒక అపార్టుమెంటులో మూడో అంతస్తుకి వచ్చాం. పాత ఇంట్లో వంటిల్లంటే ఒక్క గది కాదు. దాని వెనక వసారా, వసారా వెనక పెరడు, పెరట్లో నుయ్యి, నూతి పక్కన రోలు, ఇదంతా వంటిల్లే. కొత్త ఇంట్లో వంటిల్లు టేపు పెట్టి కొలిస్తే ఎనిమిదడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు. అందులో రెండడుగుల మేర గట్టు మింగేసింది. 2015లో అమరావతికి శంకుస్థాపన జరిగిన దగ్గర్నుంచీ మా చుట్టుపక్కల అపార్టుమెంట్లు వానాకాలపు పుట్టగొడుగుల్లా లేచాయి. సెంట్లలో, గజాల్లో మాట్లాడుకునే మా ఊరు చదరపుటడుగుల్లో మాట్లాడటం నేర్చుకుంది. అడుగు నేలకి అంత ధర పెట్టి కొనుక్కుని, ఆ అడుగులో ఎన్నడూ వాడని ఇడియాప్పం మిషను పెట్టుకుంటే దానికి అద్దె ఎవరిస్తారు?

కనుక, ఏది ఉంచాలి, ఏది తియ్యాలి అనే ప్రశ్న వచ్చింది. ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ఇంట్లో పార్లమెంటు సమావేశమైంది.

అధికార పక్షం మావారు. బ్యాంకులో పనిచేసి రిటైరైనవారు కాబట్టి దేన్నీ వదలటం వారికి చేతకాదు. "రోలు మా అమ్మది. అది పైకి రావలసిందే" అన్నారు. ప్రతిపక్షం మా అబ్బాయి. వాడు ఫోనులో ఎవరో చెప్పిన సూత్రం చదివి వినిపించాడు. "ఏడాదిలో ఒక్కసారి కూడా ముట్టుకోని వస్తువు మనది కాదమ్మా, తీసెయ్యటమే." ఆ మాట అన్నవాడే కిందటి నెలలో ఎయిర్ ఫ్రయరు కొనుక్కొచ్చాడు. మా కోడలు ఆసుపత్రిలో నర్సు. రాత్రి డ్యూటీ చేసి వచ్చి పడుకుంది కనుక సభకి గైరుహాజరు. నేనో? నేను స్పీకరుని. అందరూ నావంక చూసే మాట్లాడతారు. ఓటు మాత్రం ఉండదు.

ఆ సభలో నేను అనలేకపోయిన మాటలు ఇక్కడ అంటున్నాను. చదివేది ఆడవాళ్ళే కనుక మధ్యలో అడ్డు తగలరనే ధైర్యం.

ముందుగా మావాడి ఏడాది సూత్రం. వినటానికి బాగానే ఉంటుంది. కానీ అది బట్టల బీరువాకి పనికొస్తుందేమో గాని వంటింటికి పనికిరాదు. మా ఇంట్లో ఆవకాయ జాడీ ఉంది. దాన్ని నేను చేత్తో ఎత్తి, కడిగి, ఎండబెట్టేది ఏడాదికి ఒక్కసారి, ఎండాకాలంలో. మావాడి లెక్కలో అది ఏడాదికి ఒక్కరోజు పనిచేసే వస్తువు. నా లెక్కలో మూడువందల అరవయ్యయిదు రోజులూ డ్యూటీలో ఉన్న వస్తువు. ఉప్పు, కారం, పులుపు, నూనె, ఈ నాలుగూ కలిసి ఏడాది కాపురం చెయ్యాలంటే వాటి పులుపుకీ ఉప్పుకీ చలించని ఇల్లు కావాలి. పింగాణీ జాడీ అలాంటిది. ఆ ఉప్పూ పులుపూ కలిసి అల్యూమినియాన్ని తినేస్తాయి, చిల్లులు పడతాయి. జాడీ ఉండాలి. కానీ ఐదు జాడీలెందుకు? మాకు పాత ఇంట్లో చిన్నా పెద్దా కలిపి ఐదుండేవి. తొమ్మిదిమంది తిన్న ఇంటి లెక్క అది. ఇప్పుడు తినేది నలుగురం. అందులో ఇద్దరికి రక్తపోటు. ఒక్క జాడీ చాలు.

అలాగే మామిడికాయలు కొట్టే పెద్ద కత్తి. మా అత్తగారు ఉన్నప్పుడు అది లేకపోతే ఆవకాయ లేదు. ఇప్పుడు బజార్లో కాయ కొన్నచోటే ముక్కలు కొట్టి ఇస్తున్నారు. జాడీకి పని ఉంది, కత్తికి పని పోయింది. రెండూ ఏడాదికొకసారి ముట్టుకునేవే అయినా ఒకటి ఉండాలి, ఒకటి పోవాలి. ఏడాది సూత్రానికి ఈ తేడా తెలియదు.

పోనీ రోజూ వాడేవన్నీ ఉంచదగినవేనా? నేను రోజూ అట్లు పోసే నాన్‌స్టిక్ పెనం పూత లేచి అక్కడక్కడ మచ్చలు పడింది. ఆ పూత ఉన్న పెనాన్ని ఖాళీగా మంటమీద వదిలేసి కాలబెట్టకూడదనీ, ఇనప అట్లకాడతో గీకకూడదనీ చెబుతారు. రెండూ మా ఇంట్లో రోజూ జరిగేవే. మావాడి సూత్రం ప్రకారం దానికి నూటికి నూరు మార్కులు. నేను దాన్ని మొదటి రోజే పారేసి, అటక మీద పదేళ్ళుగా బోర్లా పడున్న ఇనప పెనం దించి, తోమి, నూనె రాసి, నాలుగు రోజులు చిరిగిపోయిన అట్లు తిని దారిలోకి తెచ్చుకున్నాను.

ఇక అధికార పక్షం సంగతి. "పాత సామానంతా ఆరోగ్యం, కొత్త సామానంతా రోగం" అనే మాట ఈమధ్య ఫోనుల్లో బాగా తిరుగుతోంది. మట్టికుండలో వండండి, ఇత్తడిలో వండండి, రోట్లో నూరండి, తిరగట్లో విసరండి అని. చెప్పేవారి చేతులు చూశారా మీరెప్పుడైనా? నేను చూస్తాను. నున్నగా ఉంటాయి.

మా అత్తగారి చేతులు నాకు గుర్తు. తెల్లవారుజామున తిరగలి ముందు కూచుని కందిపొడికి విసిరేవారు. రుబ్బురోట్లో పొత్రం తిప్పి పొద్దుటికి పిండి రెడీ చేసేవారు. అరవై దాటేసరికి కుడిభుజం పైకి లేవటం మానేసింది. జడ వేసుకోవటానికి నన్ను పిలిచేవారు. ఆవిడ రోటిపచ్చడి అమృతం. కాదంటే కళ్ళు పోతాయి. మిక్సీ బ్లేడు కోస్తుంది, రోకలి నలుపుతుంది. నలిగిన ముక్కలో రసం దిగే తీరే వేరు. గోంగూరలో పచ్చిమిరపకాయ పలుకుపలుకుగా తగలాలంటే రోలే కావాలి. రుచి విషయంలో మావారితో నాకు పేచీ లేదు. పేచీ అల్లా, ఆ రుచికి కట్టిన ధర ఎవరి భుజం మీద పడిందో మావారి జ్ఞాపకంలో లేకపోవటం. ఆయన జ్ఞాపకంలో పచ్చడి ఉంది. నా జ్ఞాపకంలో జడ ఉంది.

ఇత్తడి కూడా అంతే. ఇత్తడి గిన్నెలో చారు కాచాలంటే లోపల కళాయి ఉండాలి. లేకపోతే చింతపండు పులుపుకి రాగి చిలుం దిగి వాంతులవుతాయి. కళాయి అరిగినప్పుడల్లా మళ్ళీ పోయించాలి. మా చిన్నప్పుడు వీధిలోకి తిత్తీ, నవాసారమూ పట్టుకుని కళాయిలబ్బీ వచ్చి చెట్టు కింద కొలిమి పెట్టేవాడు. ఇప్పుడు వాణ్ణి ఎక్కడ వెతకను? "ఇత్తడిలో వండండి" అనేవారు కళాయిలబ్బీని కూడా పంపితే బాగుంటుంది.

రోలు మాటకొస్తాను. లిఫ్టులో ఎక్కించటానికి వాచ్‌మన్ ఒప్పుకోలేదు. ఇద్దరు కూలీలతో మెట్లమీదుగా తేవాలంటే వాళ్ళడిగిన కూలికి కొత్త మిక్సీ వస్తుంది. చివరికి అది కింద మెట్ల పక్కన ఆగిపోయింది. వారం తిరక్కుండా మావారికొక ఆలోచన వచ్చింది. "వాచ్‌మన్ భార్యకి నెలకింత అని ఇస్తే ఆదివారం ఆదివారం పచ్చడి నూరి పెడుతుంది కదోయ్!" అన్నారు ఎంతో ఉత్సాహంగా.

నాకు ఒళ్ళు మండింది. ఆ అమ్మాయి మూడు ఇళ్ళల్లో అంట్లు తోముతుంది, రెండంతస్తుల మెట్లు కడుగుతుంది. "మీ అమ్మగారి భుజం అయింది. నా భుజం సగం అయింది. ఇప్పుడు డబ్బులిచ్చి ఆ పిల్ల భుజం కొందామంటారా? రుచి మనది, నొప్పి వాళ్ళదీనా?" అన్నాను. మావారు పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. పేపరు తలకిందులుగా ఉంది.

మరయితే కొత్త సామానే శరణ్యమా? ఆ పక్షానికీ నాలుగు అంటించాలి.

మిక్సీని నేను తిట్టను. దాని పుట్టుక కథ నాకిష్టం. 1963 ప్రాంతంలో సత్యప్రకాశ్ మాథుర్ అనే ఇంజనీరుగారి భార్య వాడుతున్న విదేశీ మిక్సీ మన పప్పులూ మసాలాలూ రుబ్బలేక కాలిపోయిందట. ఆయన, అయ్యో పాపం రోట్లోనే రుబ్బుకో అనకుండా, మన రుబ్బుడికి తట్టుకునే మోటారు పెట్టి సుమీత్ మిక్సీ తయారుచేశాడు. దేశంలో ఎన్ని లక్షల భుజాలు ఆ ఒక్క మొగుడికి రుణపడి ఉన్నాయో! కుక్కరునీ తిట్టను. ఆవిరిని బిగించి ఉంచితే లోపలి నీళ్ళు 100 డిగ్రీల దగ్గర ఆగక 120 డిగ్రీల దాకా వేడెక్కుతాయి, అందుకే కందిపప్పు గంట పట్టేది పావుగంటలో మెదుగుతుంది. డెనిస్ పాపిన్ అనే ఆయన 1679లోనే ఈ సూత్రం చూపించాడు. మన గట్టుమీదికి రావటానికి మూడువందల ఏళ్ళు పట్టింది. ఆడవాళ్ళ పనికొచ్చేవి ఎప్పుడూ ఆలస్యంగానే వస్తాయి.

నా తగువల్లా ఇంకొకటి. ఈ యంత్రాలు మిగిల్చిన గంటలు ఎక్కడికి పోయాయి? ప్రభుత్వం వారు రోజులో ఎవరు ఏ పనికి ఎంత సేపు వెచ్చిస్తున్నారో దేశమంతా అడిగి లెక్క వేశారు. 2019 లెక్క ప్రకారం జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానిమీద గడిపేది రోజుకి 299 నిమిషాలు. మళ్ళీ 2024లో అడిగారు. 289 నిమిషాలన్నారు. ఐదేళ్ళలో ఎన్ని మిషన్లు కొన్నామో చూడండి, మిగిలింది పది నిమిషాలు! మగవారి లెక్కా చెబుతాను. ఇంటిపనిలో చెయ్యి పెట్టే మగవారు 2019లో 97 నిమిషాలు చేసేవారు, 2024కి 88 అయ్యాయి. అసలు చెయ్యి పెట్టేవారే 2019 లెక్కలో నూటికి 26 మంది. ఆ పుణ్యాత్ములకి కూడా తొమ్మిది నిమిషాల విశ్రాంతి దొరికింది.

దీనికి కారణం అమెరికాలో రూత్ ష్వార్ట్జ్ కోవన్ అనే చరిత్రకారిణి 1983లోనే ఒక పుస్తకంలో వివరించింది. యంత్రం వస్తే పని తగ్గదట. ఇదివరకు ఇంట్లో మగవారూ పిల్లలూ పనివారూ పంచుకున్న పనులు మాయమై, మిగిలినదంతా తల్లి ఒక్కదాని నెత్తినే పడుతుందట. పైగా ప్రమాణాలు పెరుగుతాయట. మా ఇంటికి వచ్చి రాసినట్లుంది! రుబ్బురోలున్న రోజుల్లో ఇడ్లీ అంటే పండగ, ఆదివారం. అందరూ అటుగా వచ్చి ఓ చెయ్యి వేసేవాళ్ళు. గ్రైండరు వచ్చాక ఇడ్లీ ఎప్పుడైనా సరే. "మిషనేగా రుబ్బుతుంది, నీదేం పోయింది?" అంటారు. మిషను రుబ్బుతుంది, నిజమే. ఆ రాళ్ళు ఎత్తి కడిగేదెవరు? మిక్సీ జారు, మూత, రబ్బరు, బ్లేడు కింద ఇరుక్కున్న కొబ్బరి, కుక్కరు గాస్కెట్టు, ఫ్రయరు జాలీ, ఇవన్నీ మా కొత్త ఇంటి బుల్లి సింకులో తోమి చూడండి. వస్తువు కొనేటప్పుడు షాపువాడు ఎన్ని నిమిషాల్లో వండుతుందో చెబుతాడు. ఎన్ని నిమిషాలు తోమాలో అట్టపెట్టె మీద రాసి ఉండదు.

నేనేమీ మడికట్టుకున్నదాన్ని కాను. నాదీ తప్పుంది. పెళ్ళైన కొత్తలో, గంపలో స్టీలు సామాను పెట్టుకుని వీధి వీధీ తిరిగే ఆవిడకి మా అమ్మ ఇచ్చిన ఇత్తడి గుండిగ, ఒక జరీ చీర ఇచ్చి, తళతళలాడే స్టీలు డబ్బాల జత పుచ్చుకున్నాను. వీధిలో అందరూ స్టీలు అమరుస్తున్నారని నేనూ అమర్చాను. ఆ డబ్బాల మూతలు ఇప్పుడు పట్టవు. గుండిగ తల్చుకుంటే ఇప్పటికీ కడుపులో ఏదో కదులుతుంది. చూసేవారి కోసం ఉంచుకోవటం, చూసేవారి కోసం వదులుకోవటం, రెండూ ఒకటే రోగమండీ.

ఇలా చెడ తిట్టుకుంటూ కూచుంటే దారి దొరకదని, ఒక సాయంత్రం మా పాత వీధిలో మగ్గం ఇంటి అక్కయ్యగారి దగ్గరికి వెళ్ళాను. మంగళగిరి చీరంటే మీకు నిజాం అంచు గుర్తొస్తుంది. నాకు ఆ ఇంటి ముందుగది గుర్తొస్తుంది. గదిలో సగం గుంట మగ్గమే. నేలలో గుంట, గుంటలో కాళ్ళు, పైన పడుగు. మిగిలిన సగంలో మంచం, టీవీ, పిల్లల పుస్తకాలు. వంటిల్లంటే వెనక ఒక మూల. బావగారు నేస్తుంటే అక్కయ్యగారు పక్కనే కండెలు చుడతారు. కండెలు చుట్టిన దానికి వేరే కూలి రాదు, అది చీర కూలిలోనే కలిసిపోతుంది.

ఆవిడ వంటింట్లో ఉన్నవి లెక్కపెట్టాను. కుక్కరు, మిక్సీ, పెనం, మూకుడు, రెండు గిన్నెలు, గరిటెలు, కత్తిపీట, చిన్న జాడీ. అంతే. "ఇంత కొంచెంతో ఎలా నెగ్గుకొస్తున్నారు అక్కయ్యగారూ?" అన్నాను. ఆవిడ కండె చుట్టటం ఆపకుండా, "చోటంతా మగ్గానిదమ్మా. అన్నం పెట్టేది అదేగా. మిగిలిన దాంట్లో నేను కూచోవాలి, నా పక్కన మా పిల్ల కూచుని ఉల్లిపాయ తరగాలి. పిల్ల కూచునే చోట సామాను పెడితే ఉల్లిపాయ కూడా నేనే తరుక్కోవాలి" అంది.

నేను రిక్షా ఎక్కి ఇంటికొచ్చే దాకా ఆ మాటే నమిలాను. ఇంటికొచ్చి మా వంటింటి గుమ్మంలో నిలబడి చూశాను. గ్రైండరు ఒక మూల, ఫ్రిజ్ ఒక మూల, కింద గోనె సంచులు. మధ్యలో సరిగ్గా ఒక మనిషి నిలబడే చోటుంది. ఒక్క మనిషి! ఆ మనిషి ఎవరో చెప్పక్కర్లేదుగా. "నువ్వు జరిగితే గాని నేను రాలేను, నీకు అడ్డం ఎందుకులే" అని మావారూ, మా అబ్బాయీ గుమ్మంలోనే ఆగిపోవటానికి ఎంత చక్కని వీలు!

ఇది మన ఒక్క ఊరి గొడవ కాదు. 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో చిన్న ఇళ్ళ కోసం మార్గరెట్ ష్యూటె-లిహోట్స్కీ అనే ఆవిడ ఒక వంటింటి నమూనా గీసింది. రైలు భోజనపు పెట్టెల్లోని వంటగదుల్ని చూసి, మనిషి వేసే అడుగులు లెక్కపెట్టి, ఇంచుమించు ఆరడుగుల వెడల్పు, పదకొండడుగుల పొడవులో అన్నీ చేతికందేలా అమర్చింది. ఆ నగరంలో పదివేల ఇళ్ళకి పెట్టారు. ఇవాళ మన అపార్టుమెంట్లలో కనిపించే గట్టూ, అలమరలూ ఆ వంశంలోవే. ఆవిడ ఉద్దేశం మంచిదే, ఆడవాళ్ళ శ్రమ తగ్గించాలని. కానీ అందులో ఒక్కరే పట్టేవారు. రెండో మనిషి వస్తే ఇరుకు. అడుగులు తగ్గాయి, ఆ అడుగులన్నీ ఒక్కదానివే అయ్యాయి.

అందుకని నా సిద్ధాంతం ఇది. చిన్న వంటింట్లో అన్నిటికన్నా విలువైన సామాను, రెండో మనిషి నిలబడటానికి కావలసిన రెండడుగుల నేల. దాన్ని ముందు ఉంచాలి. తరవాత మిగిలిన చోట్లో ఏది పడితే అది. ఆ రెండడుగుల్ని ఆక్రమించే వస్తువు ఎంత పాతదైనా, ఎంత కొత్తదైనా, ఎవరి అమ్మదైనా బయటికే.

ఇక ఏ వస్తువునైనా రెండు ప్రశ్నలు అడగండి. ఒకటి, నేను పదిరోజులు ఊళ్ళో లేకపోతే దీన్ని ఇంకెవరైనా తీసి వాడతారా? కుక్కరు వాడతారు, పెనం వాడతారు. వాళ్ళకి చేతకానిదీ నాకు మాత్రమే పని పెట్టేదీ అయితే అది వస్తువు కాదు, నా కాలికి సంకెల. రెండు, ఇది లేకపోతే ఆ పని ఎవరి చేతిమీద పడుతుంది? నా చేతిమీద పడేటట్లయితే ఉండనివ్వండి. ఎవరి చేతిమీదా పడకుండా ఆ పనే లేకుండా పోతే హాయి, వెళ్ళనివ్వండి. జంతికల గొట్టం ఈ పరీక్షలో నెగ్గింది. పిండి నేను కలుపుతాను, తిప్పటం మా అబ్బాయి వంతు, చిన్నప్పట్నుంచీ వాడి సరదా. కవ్వం నెగ్గింది. కొబ్బరికోరు నెగ్గింది. పదహారు మంది గృహప్రవేశానికి తెచ్చిన స్టీలు పళ్ళేల సెట్లూ, కాఫీ ఫ్లాస్కులూ, సాండ్‌విచ్ మిషనూ ఓడిపోయాయి. వాటిని ఇంకొకరి గృహప్రవేశానికి ఇవ్వకూడదని కూడా తీర్మానించాను. మన రోగం ఇంకొకరికి అంటించటం పాపం.

సిద్ధాంతం చెప్పటం సులువే. అది మన మీదికి తిరిగినప్పుడు తెలుస్తుంది. నిద్రలేచి వచ్చిన మా కోడలితో ఇదంతా గర్వంగా చెప్పాను. అమ్మాయి శ్రద్ధగా విని, కాఫీ తాగి, మెల్లిగా, "అయితే అత్తయ్యా, గ్రైండరు కూడా తీసెయ్యాలిగా?" అంది.

నా గుండె ఝల్లుమంది. ఆ కోయంబత్తూరు గ్రైండరు నేను పన్నెండు నెలలు చీటీ కట్టి పాడుకున్న డబ్బుతో కొన్నది. మావారి జీతంలో పైసా లేదు అందులో. రాతితో రుబ్బితే పిండి వేడెక్కదు, బాగా పొంగుతుంది. ఇడ్లీ దూదిలా వస్తుంది. మిక్సీ పిండికి ఆ రాత లేదు. "దాని సంగతి వేరమ్మా" అన్నాను.

"మీరు ఊరెళితే దాన్ని ఎవరూ తియ్యరత్తయ్యా. నేను ఆ రాళ్ళు ఎత్తలేను, డ్యూటీలో పేషంట్లని ఎత్తీ ఎత్తీ నా నడుం పోయింది. అది ఉన్న చోటే నేను నిలబడాల్సిన చోటు. అది అక్కడుంటే నేను గుమ్మంలోంచే అడగాలి, 'అత్తయ్యా ఏమన్నా సాయం చెయ్యనా' అని. మీరు 'వద్దులే' అనాలి. పిండి వీధి చివర అమ్ముతున్నారు. ఇడ్లీ వారానికొక్కసారి చాలు" అంది.

మూడు రోజులు ముభావంగా ఉన్నాను. మావారి రోలు మీద అంత ప్రసంగం చేసినదాన్ని, నా గ్రైండరు దగ్గరకొచ్చేసరికి నేనూ అధికార పక్షమే. నా పుట్టింటి గుండిగ పోయాక నాదంటూ మిగిలింది అదొక్కటే అనిపించింది. కొన్ని వస్తువులు పనికోసం ఉంచుకోము. మనకీ ఒకనాడు సొంత డబ్బుండేదని గుర్తుకోసం ఉంచుకుంటాము. అది తప్పని ఎవరూ అనొద్దు. కానీ ఆ గుర్తుకి వంటింట్లో రెండడుగులు ఇచ్చే హక్కు నా ఒక్కదానికి లేదు. ఆ వంటింట్లో ఇంకొక ఆడపిల్ల నడుం కూడా ఉంది.

నాలుగో రోజున గ్రైండరుని మా అక్క కూతురు వచ్చి తీసుకువెళ్ళింది. వాళ్ళది ఉమ్మడి కుటుంబం, రాళ్ళెత్తటానికి ఇద్దరు కుర్రాళ్ళున్నారు. అది ఆటో ఎక్కుతుంటే నేను బాల్కనీలోకి వెళ్ళలేదు. కొన్న పిండి ఇడ్లీ కొంచెం పుల్లగా, కొంచెం గట్టిగా ఉంటోంది. ఉంటోందనే రాస్తున్నాను. బాగుందని అబద్ధమాడను.

మన కొండమీద పానకాల స్వామి సంగతి మీకు తెలిసిందే. భక్తులు ఎంత పానకం పోసినా సగం పుచ్చుకుని సగం తిరిగి ఇచ్చేస్తాడంటారు. ఇన్నేళ్ళుగా మెట్లెక్కి దణ్ణం పెట్టుకున్నాను గాని, ఇచ్చినదంతా ఉంచుకోకూడదన్న సంగతి ఇల్లు మారేదాకా నా బుర్రకెక్కలేదు. సామాను మొత్తం సగమైంది. గట్టు కింద నేల కనిపిస్తోంది.

ఆ కనిపించిన నేలలో ఇప్పుడు ఎవరు నిలబడుతున్నారంటారా? పొద్దున పూట కోడలు. నేను పోపు వేస్తుంటే అమ్మాయి కూర తరుగుతుంది, ఆసుపత్రి కబుర్లు చెబుతుంది. ఆదివారం మావారు. రోలు బదులు చిన్న రాతి కల్వం ఒకటి కొని గట్టు మూల పెట్టాను. "రోటిపచ్చడి కావాలన్నారుగా, ఇదిగో రోలు, ఇదిగో బండ, గోంగూర మగ్గబెట్టి ఇస్తాను, నూరుకోండి" అన్నాను. మొదటి వారం సగం పచ్చడి లాల్చీ మీద పడింది. రెండోవారం పచ్చిమిరపకాయ చేత్తో కళ్ళు నులుముకుని గంటసేపు కుళాయి కింద తల పెట్టారు. మూడోవారం పచ్చడి తిని, కాసేపు మాట్లాడలేదు. తరవాత, "మా అమ్మ ఇది రోజూ ఎలా నూరేదోయ్?" అన్నారు. నేను జవాబు చెప్పలేదు. కుడిభుజం ఆయనే మెల్లిగా నొక్కుకుంటున్నారు.

మెట్ల పక్కన పెద్దరోలు ఇంకా అక్కడే ఉంది. దాని సంగతి వచ్చే సమావేశంలో తేలుస్తాం. ఈసారి కోడలికి సెలవున్న రోజు చూసి సభ పెడతాను, స్పీకరుకి ఓటుంటుందని ముందే ప్రకటిస్తాను.

మీ వంటింట్లోకి కూడా ఒకసారి వెళ్ళి గుమ్మంలో నిలబడి చూడండి. రెండో మనిషికి చోటుందా? లేకపోతే ఎవరి సామాను అడ్డమొచ్చింది? మీదా, వారిదా? పేర్లు నాకు రాయక్కర్లేదు, మీలో మీరు అనుకుంటే చాలు.

ఉంటాను మరి. వంటింట్లోంచి కేక వినిపిస్తోంది. ఉప్పు డబ్బా ఎక్కడుందని మావారు అడగటం ఇది మూడోసారి. నేను లేవను. ఉన్నవే పన్నెండు డబ్బాలు, వెతుక్కోనివ్వండి.